కాళ్ల దగ్గర చోటు లేని బండి

“కొక్కెం ఏది?”

కొత్త బండిని చూసి మా ఆయన రుయ్-షెంగ్ అన్న మొదటి మాట అది. రంగు బాగుందనలేదు. ఎలా నడిపించుకొచ్చావని అడగలేదు. మా టిఫిను కొట్టు ముందు, అప్పుడే కడిగిన గచ్చు మీద నిలబెట్టిన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. హ్యాండిల్ కిందికి వంగి, సంచులు తగిలించుకునే కొక్కెం కోసం వెతికాడు. లేదు. స్కూటరుకైతే కాళ్ల దగ్గర పలకలాగా చదునుగా చోటుంటుంది, పిండి బస్తా అయినా కేబేజీ బుట్ట అయినా అక్కడే పెడతాం. ఈ బండికి అక్కడ ఇంజనుంది, దాని మీద పెట్రోలు ట్యాంకుంది. సీటు కింద ఏదైనా పెట్టొచ్చేమోనని ఎత్తబోయాడు. అది లేవలేదు.

“మరి సరుకులెక్కడ పెడతావే?” అన్నాడు.

నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ జవాబు తెలియదు.

ఆ ఉదయం నేను కొనడానికి వెళ్లింది స్కూటరే. పాతది, నాకు రెండోది, పద్దెనిమిదేళ్లు మోసి మోసి, మా ఊరు షీలోలోని కూరగాయల మార్కెట్టు గేటు దగ్గర చతికిలబడింది. ఏ స్కూటరు కొనాలో రుయ్-షెంగ్ కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు, పలక వెడల్పుగా ఉండాలి, కొక్కేలు రెండుండాలి అని. కొనేది మాత్రం నేనే. మా అమ్మ పోతూ నాకిచ్చిన గాజులు పెట్టి కొంటున్నాను కనక ఆ సంగతి గురించి ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. మెకానిక్ ఆ-సుంగ్ లోపల స్కూటరు తుడుస్తున్నాడు. “కూచో అక్కా, రెండు నిమిషాలు” అన్నాడు. కూచోడానికి అక్కడ కుర్చీ లేదు. పక్కనే ఒక గేర్ల బండి ఉంది, ముదురాకుపచ్చది, మీటరు మీద ప్లాస్టిక్ పొర కూడా తీయలేదు. ఎందుకో దాని మీద కూచున్నాను. చల్లటి ట్యాంకు రెండు మోకాళ్లకీ తగిలింది. ఎవరో వచ్చి పక్కన కూచున్నట్టనిపించింది. కిందికి చూసుకున్నాను. కాళ్ల మధ్య సరుకేమీ లేదు, పెట్టడానికి చోటూ లేదు.

ఇరవై ఆరేళ్లలో నా మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని బండి తోలిన గుర్తు నాకు లేదు. పిండి బస్తా, సోయా గింజల మూట, గుడ్ల అట్టలు, స్కూలుకి వెళ్లే రోజుల్లో మా అమ్మాయి, ఎవరో బాకీ పడితే దానికింద మా మరిది పట్టుకొచ్చిన కుక్క, మావగారు మంచాన పడ్డాక ఆయన డైపర్ల పెట్టె, ఆయన పోయాక ఆయన ఫోటో పటం, అన్నీ అక్కడే కూచున్నాయి. వాటికి ఇటొక కాలూ అటొక కాలూ పెట్టి, వేళ్ల చివరల మీద ఆనుకుని, సిగ్నలు దగ్గర ఒరుసుకుంటూ ఆగేదాన్ని. వెనక సీటు మీద అత్తగారు. నా సొంత ఒళ్లు ఆ బండి మీద ఎక్కడ ఉండేదో నాకే తెలియదు. మిగిలిన చోటులో సర్దుకునేదాన్ని. ఇంట్లో కూడా అంతే చేశాను కాబట్టి అది నాకు వింతగా తోచలేదు.

“ఇదే ఇవ్వు” అన్నాను.

ఆ-సుంగ్ నవ్వాడు. “గేర్ల బండక్కా అది. తోలడం వచ్చా?”

“రాదు. నేర్పు.”

స్కూటరు లైసెన్సుతోనే అది కూడా తోలొచ్చు, కాబట్టి కాగితాలకేమీ అడ్డు లేదు. నాకు గేర్లు రాకపోవడానికి కారణం మా నాన్న. ఆయన ఇళ్లకి గ్యాసు సిలిండర్లు వేసేవాడు, అలాంటి బండి మీదే. నాకంటే నాలుగేళ్లు చిన్నవాడైన తమ్ముడికి పన్నెండో ఏటే నేర్పాడు. నాకూ నేర్పమంటే, “నీకెందుకే, నీ మొగుడు తిప్పుతాళ్లే” అన్నాడు. తమాషా ఏంటంటే నా మొగుడికి కూడా గేర్లు రావు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోడు. ఆ మధ్యాహ్నం, అడ్డంగా ఉందని బండిని కొట్టు లోపలికి పెట్టబోయి, స్టార్టు చేసి క్లచ్చి వదిలేశాడు. అది ఎగిరిపడి ఆగిపోయింది. ఎదురు దుకాణంలో పళ్లమ్మే ఆవిడ చూసింది. అప్పటిదాకా చిరాకుగా ఉన్నవాడికి అప్పటినుంచి కోపం వచ్చింది.

“ఆదివారంలోగా మార్చేద్దాం” అన్నాడు అన్నం దగ్గర. “ఆ-సుంగ్‌తో మాట్లాడాను. నాలుగు రోజులే కాబట్టి తీసుకుంటాడు. దీన్ని కొనేవాడున్నాట్ట, కాలేజీ పిల్లాడెవరో.”

“నాతో మాట్లాడావా?” అన్నాను.

“ఇప్పుడు మాట్లాడుతున్నాగా!”

ఆ నాలుగు రోజులూ నేను బండి తోలాను. నా జీవితంలో నాలుగు రోజులని లెక్కపెట్టుకుని ఒక పని చేయడం అదే మొదటిసారి. కొట్టు పదకొండింటికి కట్టేస్తాం. రుయ్-షెంగ్ పైకెళ్లి నిద్రపోతాడు, పెనం ముందు నిలబడి నిలబడి నడుం లాగేస్తుందంటాడు. నిజమే, లాగుతుంది. ఆ పెనం రుద్దేది, సోయా పాల గంగాళం తోమేది, మర్నాటి పిండి కలిపేది, అత్తగారికి మెత్తగా వండేది నా నడుం. ఆ సంగతి వేరు. అమ్మాయి స్కూలు ఫారంలో తల్లి ఉద్యోగం అన్నచోట ఆయన ‘ఇంట్లోనే’ అని రాశాడు. ఆ రోజు తెల్లారి నేను మూడొందల గుడ్డట్లు తిరగేశాను. వచ్చేవాళ్లంతా నన్ను ఓనరమ్మా అనే పిలుస్తారు. ఓనరు గారి భార్యని కాబట్టి ఓనరమ్మని. ఆ పిలుపు వినీ వినీ, ఎవరైనా నా పేరు పెట్టి బీ-యున్ అని పిలిస్తే ఒక క్షణం ఆలస్యంగా తల తిప్పుతాను.

పని అయ్యాక, రెండింటికి, బండి తీసేదాన్ని. మొదటిరోజు చౌరస్తాలో మూడుసార్లు ఆగిపోయింది. ఎడమకి తిరిగేవాళ్లు ఆగే తెల్లగీతల గడిలో నిలబడి, పచ్చలైటు పడగానే క్లచ్చి వదిలాను, గుటుక్కుమంది. వెనక స్కూటర్లన్నీ హారన్లు. పక్కనున్న పెద్దమనిషి హెల్మెట్టు అద్దం ఎత్తి, “ఏమ్మా, మీ అబ్బాయి బండా?” అన్నాడు.

“నాదే.”

“మీ ఆయనదేమో అనుకున్నా.”

“నాదే” అని మళ్లీ అన్నాను. రెండోసారి అన్నప్పుడు గొంతు వణికింది. సిగ్గేసింది కూడా. యాభై ఒకటో ఏట ‘నాదే’ అనడానికి గొంతు వణకడమేంటని ఇంటికొచ్చేదాకా నన్ను నేనే తిట్టుకున్నాను.

గేరు మార్చే కడ్డీ తగిలి తగిలి నా ఎడమ కాలి తెల్ల బూటు మీద నల్ల మచ్చ పడింది. కొత్త బండి వాళ్లందరికీ పడుతుందిట, ఆ-సుంగ్ చెప్పాడు. మొదటి ఐదొందల కిలోమీటర్లూ గట్టిగా తోలొద్దు, ఇంజను ఇంకా తన సర్దుబాటులో తనుంటుందన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. నాకెవరూ ఐదొందల రోజులు కూడా ఇవ్వలేదు. పెళ్లైన మూడోనాడు కొట్లో నిలబెట్టారు. రెండోరోజు పొలాల పక్క రోడ్డు మీద నాలుగో గేరు దాకా వెళ్లాను. వెల్లుల్లి చేలు, వాటి మీద పడమటి గాలి. మూడోరోజు షీలో పెద్ద వంతెన మొదటిదాకా వెళ్లి, ఎర్ర ఇనుప కమానుల కింద బండాపి, అవతలి గట్టు చూసి వెనక్కొచ్చేశాను. అవతలికి వెళ్తే అన్నం వేళకి రాలేను. ఒక్కదాన్నే ఏమీ మోయకుండా ఎక్కడికీ వెళ్లలేదు కాబట్టి, చేతులు ఖాళీగా ఉంటే ఏదో మర్చిపోయానన్న కంగారు. దారిలో రెండుసార్లు ఆగి కిందికి చూసుకున్నాను, పిండి బస్తా ఎక్కడైనా పడిపోయిందేమోనని.

ఆ మూడు రోజులూ సరుకులు ఆగలేదు. మార్కెట్టు వాళ్ల ట్రక్కువాడు ఇంటి దగ్గరే దించి వెళ్లాడు. అడిగితే ఎప్పుడైనా దించేవాడే. ఇరవై ఆరేళ్లుగా ఎవరూ అడగలేదు, నేను తెస్తున్నాను కదాని.

శనివారం సాయంత్రం గొడవ పెద్దదయింది. రుయ్-షెంగ్ గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టి, “కొట్టు నడవాలా, నీ షికార్లు నడవాలా?” అన్నాడు. అమ్మని ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారన్నాడు. ఈ వయసులో అంత ఎత్తు బండి మీద కాలు అటు వేసి ఎక్కుతుంటే వీధిలో చూసేవాళ్లేమనుకుంటారన్నాడు. నేను తాళంచెవి జేబులో గట్టిగా పట్టుకునే ఉన్నాను. అది పోతే నా దగ్గరింకేమీ మిగలదనిపించింది. అంత భయం నాకు పురిటినొప్పులప్పుడు కూడా లేదు.

అప్పుడు అత్తగారు చాప్‌స్టిక్స్ గిన్నె మీద అడ్డంగా పెట్టింది. ఎనభై రెండేళ్లావిడకి. ఆవిడ అలా పెట్టిందంటే మాటలు అయిపోయినట్టే.

“రేపు గుడికి పోదాం. కొత్త బండికి ఎలాగూ ధూపం చూపించాలి. అమ్మవార్నే అడుగుదాం, ఉంచాలా మార్చాలా అని. ఆవిడ ఏం చెప్తే అది.”

అమ్మవారంటే మా మాజు తల్లి. ఏదైనా తేలకపోతే గుడిలో నెలవంకల్లాంటి రెండు చెక్కలు నేల మీద వేస్తాం. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే ఆవిడ సరేనన్నట్టు. మా ఇంట్లో ఎవరి మాటకైనా అడ్డు చెప్పొచ్చు కానీ ఆ చెక్కలకి చెప్పకూడదు. నేను సరేనన్నాను. వేరే దారి కనబడక అన్నాను. పంచాంగం చూసి బండికి మంచిరోజు చెప్పమంటే ఆదివారం అని ముందే చెప్పింది కూడా నేనే.

గుడి మా వెనక సందులోనే. బండిని మెల్లగా మొదటి గేరులో తీసుకెళ్లాను, వాళ్లిద్దరూ నడిచొచ్చారు. గుడి వాకిట్లోకి తిప్పుతూనే గట్టిగా బ్రేకు వేశాను. ధూపపు గంగాళం పక్కన ఆ-సుంగ్ నిలబడి ఉన్నాడు. అతని పక్కన కొత్త స్కూటరు, వెడల్పాటి పలక, రెండు కొక్కేలు. దాని హ్యాండిల్‌కి ఎర్రగుడ్డ ముందే కట్టేసి ఉంది.

ఆ-సుంగ్ నా మొహం చూడలేకపోయాడు. “అన్నయ్య తెమ్మన్నాడక్కా. అమ్మవారు చెప్పగానే దీనికే ధూపం చూపించేద్దామని…”

అంటే అమ్మవారు ఏం చెప్తుందో రుయ్-షెంగ్‌కి ముందే తెలుసన్నమాట. నాకు కోపం రాలేదు. బండికి స్టాండు వేసి దిగాను. వీళ్లు దేవుణ్ణి కూడా నా మీదికి పనికి పెట్టుకున్నారు.

లోపల అత్తగారు మోకాళ్ల మీద వంగింది. గుడి చూసుకునే తాత పక్కన నిలబడ్డాడు, ఆయన్ని ఊరంతా తాతనే పిలుస్తారు. నేను వెనకాల మూడు అగరొత్తులు పట్టుకుని ఉన్నాను. అత్తగారు చెక్కలు రెండూ నుదుటికి తాకించి మొదలుపెట్టింది. “అమ్మా, నీ భక్తురాలు లియావ్ బీ-యున్. మార్కెట్టు వీధి వెనక సందులో ఇల్లు. పుట్టింది…”

ఆగింది. ఎవరి సంగతి అడిగినా వాళ్ల పేరు, ఊరు, పుట్టిన తిథి, ఘడియ చెప్పాలి, మా ఘడియలకి జంతువుల పేర్లుంటాయి. చెప్పకపోతే అడిగినట్టు కాదు.

అత్తగారు వెనక్కి తిరిగింది. నావైపు కాదు. కొడుకువైపు. “నీ పెళ్లాం ఎప్పుడు పుట్టిందిరా?”

రుయ్-షెంగ్ మెడ గోక్కున్నాడు. “చలికాలం అనుకుంటా. పదకొండో నెలా?” నావైపు చూశాడు. నేను అగరొత్తులవైపు చూస్తున్నాను.

“అనుకుంటే ఎలా నాయనా,” అన్నాడు తాత. “ఊళ్లో బీ-యున్‌లు పదిమంది ఉంటారు. అమ్మవారు ఎవర్నని వెతుక్కుంటుంది?”

ఆ తాత ముందున్న బల్ల నాకు బాగా తెలుసు. ఏటా కొత్త సంవత్సరానికి ఇంట్లో అందరి పేర్ల మీదా దీపాలు వెలిగించడానికి ఆ బల్ల దగ్గరే ఫారాలు నింపుతాను. అత్తగారిది, రుయ్-షెంగ్‌ది, అమ్మాయిది, మరిదిది, తోటికోడలిది, వాళ్ల ఇద్దరు పిల్లలవి, తిథులూ ఘడియలూ చూసుకోకుండా రాస్తాను. నాదీ నేనే రాసుకుంటాను. పెళ్లికి ముందు నేను పుట్టిన సంవత్సరం, నెల, తిథి, ఘడియ ఎర్రకాగితం మీద రాసి వీళ్లింట్లో పూర్వీకుల పీఠం మీద మూడు రోజులుంచారు. ఆ మూడు రోజుల్లో గిన్నె పగిలినా, ఎవరికైనా జ్వరం వచ్చినా ఆ సంబంధం వద్దనేవారు. ఏమీ పగల్లేదు కాబట్టి నన్ను తెచ్చుకున్నారు. ఆ కాగితం ఆ తరవాత ఏమైందో నేనెప్పుడూ అడగలేదు. దాంతో పని అయిపోయింది కదా. ఇన్నేళ్లూ నన్ను ఎవరూ కొట్టలేదు, తిండి పెట్టకుండా ఉండలేదు, నలుగురిలో ఏమంత చెడ్డగా మాట్లాడలేదు. అందుకే నా బాధకి నాకే పేరు దొరికేది కాదు. అది ఆ గుడి గచ్చు మీద దొరికింది. నేను ఆ ఇంట్లో చేసిన ప్రతి పనీ వాళ్లకి తెలుసు, నేనెవరో తెలియదు.

వెళ్లి అత్తగారి పక్కన మోకరిల్లాను. ఆవిడ చేతుల్లోంచి చెక్కలు తీసుకున్నాను. ఆవిడ ఇచ్చేసింది.

“అమ్మా, నేను లియావ్ బీ-యున్‌ని,” అన్నాను పైకే. “పదో నెల పంతొమ్మిదో తిథి, పాము ఘడియలో పుట్టాను. వాకిట్లో ఉన్న ఆకుపచ్చ బండి నాది.”

తాత గోడ మీది పంచాంగం వైపు చూశాడు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు. “పదో నెల పంతొమ్మిదంటే… ఇవాళే కదమ్మా!”

“అవును తాతా.”

రుయ్-షెంగ్ వెళ్లి పంచాంగం తనూ చూశాడు. పంచాంగంలో బండికి మంచిరోజులు రెండున్నాయి, వచ్చే బుధవారం ఒకటి, ఇది ఒకటి. నేను ఇదే ఎందుకు చెప్పానో నాకప్పుడే తెలుసు. ఎవరికైనా గుర్తొస్తుందేమో చూద్దామని కూడా ఒక మూల ఉంది. ఆ ఆశ పడ్డందుకు ఇప్పుడు నా మీద నాకు జాలేసింది.

“వెయ్యి మరి,” అన్నాడు రుయ్-షెంగ్ చివరికి, మెల్లగా. “అడుగు.”

నేను చెక్కలు వేయలేదు. తీసుకెళ్లి పళ్లెంలో ఉన్నచోట పెట్టేశాను.

“అడగవా?”

“నాది ఉంచుకోవడానికి నేను అడగడమేంటి?”

అత్తగారు లేవబోయి లేవలేకపోయింది. చెయ్యందించాను. నా మోచెయ్యి పట్టుకుని లేచి, కొడుక్కి వినబడకుండా, నా చెవి దగ్గర, “నాది నీకు తెలుసా?” అంది.

“ఎనిమిదో నెల మూడు, కోడి ఘడియ.”

ఆవిడ కాసేపు నా చెయ్యి వదల్లేదు. “మీ మావగారు ఇక్కడే నిలబడి నాదని మా తోటికోడలిది చెప్పారు ఒకసారి,” అంది. “నా ఒంట్లో బాలేదని మొక్కడానికొచ్చి. నేను దిద్దలేదు.” ఆవిడ గొంతులో ఏడుపేమీ లేదు. యాభై ఏళ్ల కిందటి సంగతి చెప్పినట్టే చెప్పింది. నాకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

బయట ఎండ బాగా వచ్చింది. తాత నిప్పు మీద చందనప్పొడి వేసి, పొగ నా బండి ముందుచక్రం నుంచి వెనక నంబరు పలక దాకా తిప్పాడు. ఎర్రగుడ్డ నేనే కట్టుకున్నాను. అత్తగారు ఒక పక్కన నిలబడి చూసింది, అడ్డు చెప్పలేదు. ఆ-సుంగ్ స్కూటరు పట్టుకుని ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాడు. రుయ్-షెంగ్ దాని దగ్గరికెళ్లి, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, “మరి దీన్నేం చెయ్యమంటావు? తెప్పించానుగా!” అన్నాడు. గొంతులో కోపం కంటే దిక్కుతోచనితనమే ఎక్కువుంది.

నేను బండెక్కి హెల్మెట్టు పెట్టుకున్నాను. క్లచ్చి నొక్కిపట్టి స్టార్టు చేశాను. అన్నం వేళ దాటేదాకా రాననీ, వంతెన అవతలికి వెళ్తున్నాననీ అత్తగారికి చెప్పాను. ఆవిడ తలూపింది. అప్పుడు, పొగ గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లబోతున్న తాతని పిలిచాను.

“తాతా, ఆ స్కూటరుకి కూడా ధూపం చూపించండి. పేరు లిన్ రుయ్-షెంగ్. ఐదో నెల ఇరవై రెండు, పులి ఘడియ. రేపట్నించి కొట్టుకి సరుకులు మోసుకోడానికి తీసుకున్నాడని అమ్మవారికి చెప్పండి.”